కల్లంలో కళ్ళాపి

పోయిన వారం మిమ్మల్ని గోపాలకృష్ణ గారి మిరప రాశి పక్కన మండుటెండలో నిలబెట్టి వెళ్ళిపోయాను. కోపం వచ్చుంటే క్షమించండి. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పి ముందుకు పోదాం.

మా చిననాగులపాడులో బడి ఏడో తరగతితో సరి. ఎనిమిదికి పర్చూరు వెళ్ళాలి, ఆరు కిలోమీటర్లు. బస్సు ఊళ్ళోకి రాదు, మూడు కిలోమీటర్ల అవతల అడ్డరోడ్డు మీద ఆగి పోతుంది. మగపిల్లలు సైకిళ్ళేసుకుని పోతారు. ఆడపిల్లలు ఏడో తరగతి పుస్తకాలు కట్టేసి మిరపకోతలకి పోతారు. నేనొక్కదాన్నే మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఉండి ఇంటర్ దాకా చదివాను. ఈ ఏడాది ఏడో తరగతి పరీక్ష రాసిన ఏడుగురు ఆడపిల్లల్నీ జూన్‌లో పర్చూరు బడికి పంపి తీరాలని, ఎండాకాలం సెలవుల్లో సైకిల్ నేర్పిస్తానని లైబ్రరీ గోడకున్న నల్లబోర్డు మీద రాసేశాను. నాకు సైకిల్ రాదు. నేర్పేవాళ్ళకి తొక్కడం రావాలని రూలేమీ లేదు. సీటు పట్టుకుని వెనకాల పరిగెత్తడానికి ఊపిరి ఉంటే చాలు.

మాది నల్లరేగడి. ఎండాకాలం నేల నెర్రెలిచ్చి, సైకిల్ చక్రం దిగిందంటే మనిషి ముందుకీ సైకిల్ వెనక్కీ పడాల్సిందే. ఊరు మొత్తానికి సాపుగా, గట్టిగా ఉన్న జాగా గోపాలకృష్ణ గారు మిరపకాయ ఆరబోసే కల్లం. ఆయన భార్య మాధవీలత గారు నాలుగు రోజులు మొగుడి చెవిలో ఇల్లు కట్టుకుని ఆ కల్లం మాకు ఇప్పించింది. పెళ్ళికి ముందు తను తొక్కిన లేడీస్ సైకిల్ కూడా అటక మీంచి దింపించి ఇచ్చింది. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. కల్లం మూల పట్టా కప్పిన మిరప రాశి జోలికి మేం పోకూడదు. గుంటూరు యార్డుకి వేసవి సెలవులు ఇచ్చేలోగా పంపాల్సిన సరుకది.

ఆదివారం పిల్లలకి పరీక్ష పెట్టాను. ఎవరూ పట్టుకోకుండా కల్లం చుట్టూ పది చుట్లు తిరగాలి. శుభమా అని పరీక్ష పెట్టుకుని నేల పొడిగా వదిలేస్తామా? పొద్దున్నే పిల్లలు బిందెలతో నీళ్ళు తెచ్చి, పేడ కలిపి, కల్లమంతా కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టారు. చల్లమన్నది నేనే. గోపాలకృష్ణ గారు ఆ రోజు ఊళ్ళో లేరు. ఎండకి తడి ఆరిపోయింది, సైకిల్ చక్రాల కింద ముగ్గు చెరిగిపోయింది. మంగళవారం మధ్యాహ్నం ఆయన పట్టా లేపి చూస్తే రాశి అడుగున కాయంతా తడిసి నల్లబడి ముక్కిపోయిన వాసన కొడుతోంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు కాపలా ఉండే జక్రయ్య తాత మీద పడ్డారు. తాగి పడుకుని నీళ్ళ డ్రమ్ము దొర్లించావన్నారు. రేపట్నుంచి కల్లంలో అడుగు పెట్టొద్దన్నారు. జక్రయ్య తాత మారు మాట్లాడకుండా తలొంచుకుని నిలబడ్డాడు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ మస్తాన్‌బీ ఊరంతా చెప్పుకు తిరుగుతుంది. అలాంటిదాన్ని ఆ రోజు తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను. ఏడుగురు పిల్లలూ నా మొహంలోకే చూశారు. అక్కడ ఆపాను.

ఇక బుధవారం సంగతి.

లైబ్రరీ బోర్డు మీద రోజూ పొద్దున ఆరింటికి ఊరి కబుర్లు రాయడం నా పని. జీతం లేదు, సుద్దముక్కలు మాత్రం పంచాయతీ ఇస్తుంది. ఆ రోజుకి నా దగ్గర మంచి వార్తలే ఉన్నాయి. చలివేంద్రంలో నీళ్ళతోపాటు ఇవాళ మజ్జిగ కూడా ఇస్తారు, ఇచ్చేవారు సుబ్బరావమ్మ గారు. వాలీబాల్ పోటీల్లో మన కుర్రాళ్ళు సెమీఫైనల్లో ఓడారు, అయినా బాగా ఆడారు. (బాగా ఆడలేదు. కానీ వాళ్ళ అమ్మలు కూడా బోర్డు చదువుతారు.) శుక్రవారం బళ్ళో కంటి పరీక్షలు. కుట్టు మిషన్ నేర్చుకునేవాళ్ళు పేర్లు ఇవ్వాలి.

ఇవన్నీ రాశాక బోర్డు అడుగున జానెడు జాగా మిగిలింది. ఆ జానెడు జాగా ముందు నేను ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. నిజం రాస్తే కల్లం పోతుంది. కల్లం పోతే పిల్లలకి తొక్కడం పూర్తిగా రాదు, అది రాకపోతే ఏ తల్లీ తండ్రీ పర్చూరు రోడ్డు మీదికి పంపరు. ఏడుగురూ వచ్చే సీజన్‌కి నెత్తికి గుడ్డ కట్టుకుని మిరప చేలో ఉంటారు. రాయకపోతే ముప్పై ఏళ్ళు ఒకే కల్లానికి కాపలా కాసిన ముసలాయన నా పాపానికి తాగుబోతు అనిపించుకుని పోతాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే రాశాను.

'ఆదివారం కల్లంలో కళ్ళాపి చల్లించింది నేను. మిరపకాయ తడిసింది మా వల్ల. జక్రయ్య గారి తప్పు లేదు. ఇట్లు నస్రత్.'

వెనక్కి తిరిగేసరికి షమీమ్ నిలబడి ఉంది. మా బుడే చిన్నాన్న కూతురు. పదమూడేళ్ళు వచ్చినా పదేళ్ళదానిలా ఉంటుంది. చిన్నాన్న పరుపులకి దూది ఏకుతూ ఊళ్ళు తిరుగుతాడు, ఇల్లు పట్టి ఉండేది తక్కువ. ఏడుగురిలోనూ ముందు సైకిల్ వచ్చింది దీనికే. బోర్డు మొత్తం చదివి, నా వైపు తిరిగి, మరి మన కల్లమో అని అడిగింది. నాకు తెలియదన్నాను.

ఏడింటికల్లా లైబ్రరీ ముందు జనం పోగయ్యారు. మామూలుగా మా బోర్డు ముందు నలుగురైదుగురు ఆగుతారు. ఆ రోజు రామాలయం వీధి నుంచి కూడా మనుషులొచ్చారు. చదువు రానివాళ్ళకి వచ్చినవాళ్ళు చదివి వినిపిస్తున్నారు, వినిపించేవాళ్ళు నేను రాయనివి కూడా కలుపుతున్నారు. ఒకాయన అయితే పిల్లలు కల్లంలో ఈత నేర్చుకున్నారన్నాడు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను.

గోపాలకృష్ణ గారు హీరోహోండా మీద వచ్చారు. బండి స్టాండు వేసి, కళ్ళజోడు పెట్టుకుని, మజ్జిగ దగ్గర్నుంచి మొదలుపెట్టి బోర్డంతా తీరిగ్గా చదివారు. ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని నా వైపు తిరిగారు.

"నిన్న మూడు గంటలు నా ఎదురుగానే ఉన్నావు కదమ్మా."

"ఉన్నానండి."

"అప్పుడు నోరు పెగల్లేదు. సుద్దముక్క చేతికొచ్చేసరికి ధైర్యం వచ్చిందా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. అరుపులకి నేను జడిసే రకం కాదు. ఆయన అరవలేదు. ఊరందరికీ చెప్పావు, చెప్పాల్సింది ఇద్దరికి, ఒకడు నేను, ఒకడు జక్రయ్య అన్నారు. ఆ మాట వచ్చి సూటిగా గుండెకి తగిలింది. నిజమే కదా. ఏడుస్తూ రాశాను, గొప్పగా సంతకం కూడా పెట్టాను. పక్క వీధిలో ఉన్న మనిషి గడప తొక్కి, తాతా తప్పు నాదని చెప్పడానికి మాత్రం మనసు రాలేదు.

సిగ్గుపడ్డదాన్ని ఊరుకోవచ్చుగా? ఊరుకుంటే నేనెందుకవుతాను. నా సిగ్గు నోటి వెంట కోపంగా వచ్చింది.

"మీరు మాత్రం అడిగారాండీ? ముప్పై ఏళ్ళు మీ కల్లంలో ఉన్న మనిషిని, ఏం జరిగింది జక్రయ్యా అని ఒక్క మాట అడిగారా? తాగావన్నారు. ఆయన తాగడం మీరు ఎప్పుడన్నా చూశారా?"

గోపాలకృష్ణ గారి మొహం ఎర్రబడింది, తర్వాత అదేదో పాలిపోయినట్టయింది. లేదు, చూడలేదు అన్నారు మెల్లగా. తర్వాత ఇంకో మాట కూడా అన్నారు. నిన్న నోరు జారానని తెలిసి పొద్దున్నే జక్రయ్య ఇంటికి వెళ్ళి చూశారట. తలుపుకి తాళం ఉందట.

అప్పుడు సుబ్బరావమ్మ గారు మజ్జిగ కుండ పక్కన పెట్టి ముందుకొచ్చింది. జక్రయ్య ఇందాకే చలివేంద్రం దగ్గర మంచినీళ్ళు తాగి వెళ్ళాడని, నెత్తిన రేకుపెట్టె ఉందని, పొన్నూరులో కూతురి దగ్గర ఉండిపోతానన్నాడని చెప్పింది. అడ్డరోడ్డు మీద ఎనిమిదింటికి బస్సు. నా గడియారంలో ఏడున్నర అయింది.

కుర్రాళ్ళు కొందరు మేం వెళ్ళి తీసుకొస్తామన్నారు. గోపాలకృష్ణ గారు వద్దన్నారు. తను వెళ్ళి పిలిచినా రాడట, నిన్న తనన్న మాటలు అలాంటివట. ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో మాకందరికీ కనపడింది.

"తప్పు చేసినవాళ్ళు వెళ్ళి పిలిస్తే రావచ్చు. జక్రయ్య వచ్చి కల్లంలో కూర్చున్నాడా, మీ సైకిళ్ళు తిరగనివ్వండి. రాలేదా, ఇవాళ్టితో సరి. ఆ కాయ ఆరబోసుకోడానికి నాకు కల్లమంతా కావాలి."

మూడు కిలోమీటర్లు, అరగంట. సైకిల్ నేర్పే పంతులమ్మకి సైకిల్ రాదు. ఊరంతా నన్నే చూస్తోంది. నేను చెంగు బొడ్లో దోపుకుని పరుగు మొదలుపెట్టాను. నాలుగడుగులు వేశానో లేదో పక్కనుంచి గంట మోగింది. షమీమ్. నన్ను అడగలేదు, ఎవరినీ అడగలేదు. మాధవీలత గారి లేడీస్ సైకిల్ ఎప్పుడు తెచ్చిందో, ఎప్పుడెక్కిందో, నన్ను దాటుకుని వెళ్ళిపోయింది.

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఎందుకో చెబుతాను. కల్లంలో మేం ఎప్పుడూ ఎడమ చేతి వైపే చుట్టు తిరుగుతాం. ఏడుగురిలో ఒక్కరు కూడా ఇంతవరకు తిన్నగా పది గజాలు తొక్కలేదు. ఊరి రోడ్డుకి ఎడమ పక్కంతా కాలవ. నీళ్ళు లేవు గానీ రాళ్ళున్నాయి. షమీమ్ సైకిల్ అలవాటు ప్రకారం ఎడమకి లాగుతోంది, అది బలవంతాన కుడికి తిప్పుతోంది, మళ్ళీ ఎడమకి పోతోంది. రోడ్డు మీద పాము పాకినట్టు పోతోంది పిల్ల. నేను వెనకాల పరిగెత్తుతూనే హేండిల్ బిగపట్టొద్దని, ముందు చక్రం చూడొద్దని, దూరం చూడమని కేకలు పెట్టాను. దూరం చూసింది. గేదెల మంద పక్కనుంచి పోయింది. పత్తికట్టె ఎత్తిన ఎడ్లబండి ఎదురొస్తే బండివాడే పక్కకి తోలాడు. మలుపు తిరిగాక నాకు కనపడలేదు.

అక్కణ్ణుంచి నేను పరిగెత్తానో నడిచానో దేకానో చెప్పలేను. దుమ్ములో దాని చక్రం గీత మాత్రం కనపడుతోంది. వంకరటింకరగా ఉన్న గీత రానురాను సాపయింది. ఒకచోట గీత కాలవ గట్టుదాకా పోయి ఆగింది. అక్కడ దుమ్ము రేగిపోయి, పగిలిన చేతి గాజు ముక్కలు రెండు పడి ఉన్నాయి. కాలవలోకి తొంగి చూశాను. ఎవరూ లేరు. నాలుగడుగుల అవతల గీత మళ్ళీ మొదలైంది. లేచి ఎక్కిందన్నమాట. నేను పట్టుకోకుండా, ఎవరూ ఎక్కించకుండా. నడిరోడ్డు మీద నిలబడి ఒక్కదాన్నే నవ్వాను.

బస్సు హారన్ వినపడింది. నేను వెళ్ళేసరికి బస్సు వెళ్ళిపోతోంది, వెనక అద్దంలోంచి నలుగురు ఇటే చూస్తూ నవ్వుతున్నారు. దుమ్ము తగ్గాక చూస్తే రేకుపెట్టె మీద షమీమ్ కూర్చుని ఉంది. మోకాలు చీరుకుపోయింది. జక్రయ్య తాత కింద గొంతుక్కూర్చుని తన తువ్వాలు చించి దాని మోకాలికి కట్టు కడుతున్నాడు. సైకిల్ పక్కన పడి ఉంది.

"ఆపడం నువ్వు నేర్పలేదుగా అక్కా," అంది షమీమ్.

నిజమే. కల్లంలో గడ్డిమోపుకి గుద్దితే అదే ఆగేది. ఇక్కడ గడ్డిమోపు లేదు, జక్రయ్య తాత పెట్టె ఉంది. బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టిన మనిషి పెట్టె చప్పుడు విని వెనక్కి తిరిగాడట. కండక్టరు ఎక్కుతావా లేదా అంటే, ఈ పిల్ల సంగతి చూడనీ నాయనా, నువ్వు పో అన్నాడట.

నేను ఆయన ఎదురుగా నేల మీదే కూలబడ్డాను. ఈసారి సుద్దముక్క లేదు. ఊపిరి కూడా లేదు. తప్పు నాది తాతా, నిన్ననే చెప్పాల్సింది, భయపడ్డాను, కల్లం పోతుందని స్వార్థం చూసుకున్నాను, నువ్వు ఏమన్నా పడతాను, ఊరికి మాత్రం రా అన్నాను. మధ్యలో రెండుసార్లు దగ్గొచ్చింది. జక్రయ్య తాత కట్టు ముడి వేయడం పూర్తి చేసి నా వైపు చూశాడు. ఆ మొహంలో కోపం లేదు.

"నీ తప్పేం లేదమ్మా. మీ కళ్ళాపి పట్టా దాకా కూడా రాలా. నేను చూస్తానే ఉన్నా. రాశికి నాలుగు బారల ఇవతలే ఆగిపోయింది."

నాకు అర్థం కాలేదు. మరి కాయ ఎలా తడిసిందన్నాను. ఆయన మిగిలిన తువ్వాలు ముక్క మడత పెట్టడం మొదలుపెట్టాడు. చెప్పకూడదనుకున్నాడు, చూస్తుంటేనే తెలిసింది. నేను బోర్డు మీద రాసిన సంగతి షమీమ్ చెప్పకపోయి ఉంటే చెప్పేవాడు కూడా కాదు. చెయ్యని తప్పు ఒక ఆడపిల్ల నెత్తిన ఉండకూడదన్నాడు.

మిరపకాయ బాగా ఎండితే ముట్టుకున్నా విరుగుతుంది. అందుకని బస్తాలకెత్తే ముందు మెత్తబడడానికి కాసిని నీళ్ళు చిలకరిస్తారు. ఎన్ని చిలకరించాలన్నది చేతికి తెలియాలి. శనివారం గోపాలకృష్ణ గారు ఊళ్ళో లేనప్పుడు గుంటూరు నుంచి కబురొచ్చింది, మర్నాడే లారీ వస్తుందని. ఆయన వచ్చేసరికి సరుకు సిద్ధంగా ఉంచితే మెచ్చుకుంటారని ఒకళ్ళు సరదాపడి ఆ పని తమ నెత్తిన వేసుకున్నారు. చాలమ్మా అని జక్రయ్య తాత అంటూనే ఉన్నాడు. లారీ రాలేదు. తడి కాయ మీద పట్టా కప్పేశారు. వెంటనే విప్పి ఆరబోద్దామంటే, ఆయనకి తెలిస్తే మళ్ళీ ఏ పనీ చేయనివ్వరు జక్రయ్యా అని బతిమాలుకుందట.

"నీళ్ళు మోసింది నేను. పోసింది మాధవీలతమ్మ," అన్నాడు జక్రయ్య తాత. "నిన్న నన్ను పొమ్మన్నప్పుడు ఆమె అక్కడ లేదు. ఆమె సంగతి ఆమె మొగుడి ముందు నేనెట్టా చెప్పేది?"

మాకు కల్లం ఇప్పించిన మనిషి. షమీమ్ తొక్కుకొచ్చిన సైకిల్ ఎవరిదో ఆ మనిషి. జక్రయ్య తాతని వెంటబెట్టుకుని వెళ్తే గోపాలకృష్ణ గారు అడుగుతారు, ఇందాక మీరు అడగలేదని నేను అందరి ముందూ నిలదీశాను గనక ఈసారి తప్పకుండా అడుగుతారు. జక్రయ్య తాత చెప్పడు. మరి నేను? ఇప్పుడు చెప్పమ్మా, ఊరికి రమ్మంటావా పొన్నూరు పొమ్మంటావా అని ఆయన నన్నే అడిగాడు.

"ఎవరో వస్తున్నారక్కా," అంది షమీమ్.

ఊరి వైపు నుంచి ఒక ఆడమనిషి వస్తోంది. నడక కాదు, పరుగూ కాదు. నెత్తిన కొంగు జారిపోయినా సర్దుకోవడం లేదు, కాళ్ళకి చెప్పులు లేవు. ఆ వేళకే నేల కాలుతోంది. దగ్గరికి వచ్చాక పోల్చుకున్నాను, మాధవీలత గారు. జన్మలో ఆమెని నేను అలా చూడలేదు. వస్తూనే జక్రయ్య తాత చెయ్యి పట్టుకుంది.

"నిన్ను పొమ్మన్న సంగతి నాకు తెలియదు, ఇందాక బోర్డు చదివాకే తెలిసింది. నీళ్ళు పోసింది నేనని అక్కడే, అందరి ముందూ ఆయనకి చెప్పేసి వచ్చాను. పద జక్రయ్యా, ఇంటికి పోదాం."

ఆయనేమన్నారని నేను అడగబోయాను. ఊరి వైపు మలుపులో గోపాలకృష్ణ గారి హీరోహోండా చప్పుడు వినపడింది. వేగంగా వస్తోంది. మాధవీలత గారు జక్రయ్య తాత చెయ్యి వదల్లేదు గానీ వెనక్కి తిరిగి చూడనూ లేదు. షమీమ్ కుంటుకుంటూ లేచి, సైకిల్ ఎత్తి, నడిరోడ్డుకి అడ్డంగా పెట్టి నిలబడింది.